ఐదు నిమిషాలు కూర్చోండి



మా ఓ.పి.లో బి.పి. చూసే బల్ల దగ్గర సిస్టర్లు రోజు మొత్తంలో ఎక్కువసార్లు అనే మాట, "ఐదు నిమిషాలు కూర్చోండి." చాలామందికి ఈ మాట నచ్చదు. సిస్టర్‌కు తీరిక లేక ఆపుతున్నదని కొందరు, పెద్ద డాక్టరుగారు ఇంకా రాలేదేమోనని కొందరు అనుకుంటారు. అసలు కారణం వేరు. బి.పి. సరిగ్గా చూడాలంటే మనిషి కనీసం ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేల మీద ఉంచి, కాలు మీద కాలు వేసుకోకుండా, మాట్లాడకుండా కూర్చోవాలి. అంతకు అరగంట ముందు నుంచి టీ, బీడీ, చుట్ట ముట్టకూడదు. మూత్రానికి వెళ్ళి రావాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఆనించాలి. పట్టా కడుతుండగా ఇంటి సంగతులు చెబుతూ ఉంటేనే పై అంకె పది పాయింట్ల దాకా పెరగవచ్చు. బస్సు దిగి మెట్లెక్కి వచ్చి నిలువుకాళ్ళ మీద చూపించుకున్న బి.పి. మీ బి.పి. కాదు, మీ తొందరది.

వీర్నపల్లి వైపు నుంచి వచ్చిన ఒక అక్కకు ఈ విషయం చెప్పి కూర్చోబెట్టాను. బీడీలు చేస్తుంది. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు, ఇద్దరు పిల్లలు, ఇంట్లో అత్త. వచ్చీరాగానే చూస్తే పై అంకె 164 ఉంది. పది నిమిషాలు ఆగి మళ్ళీ చూస్తే 148 వచ్చింది. (148 కూడా ఎక్కువే. ఇంకో రోజు మళ్ళీ చూసి, తర్వాత మందు మొదలుపెట్టాము. కూర్చుంటే బి.పి. జబ్బు పోతుందని దయచేసి ఎవరూ అనుకోవద్దు.) నాకు గుర్తుండిపోయింది అంకెలు కాదు, ఆమె అన్న మాట. "ఐదు నిమిషాలంటే ఎనిమిది బీడీలు సిస్టరమ్మా. ఊకె కూసుంటే పాపం చేసినట్టనిపిస్తది."

పాపం చేసినట్టు! ఈ మాట మీదే ఈ నెల నాలుగు మాటలు రాయాలనిపించింది.

2016 అక్టోబరులో రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడినప్పుడు ఎల్లారెడ్డిపేట మండలం నుంచి విడదీసి వీర్నపల్లిని మండలంగా చేశారు. గర్జనపల్లి, రంగంపేట, మద్దిమల్ల లాంటి పల్లెలు, చుట్టూ తండాలు, పక్కనే అడవి. బయటివాళ్ళు చూస్తే ఇక్కడ అంతా నిదానమే అనుకుంటారు. ఇళ్ళలోకి వెళ్ళి చూడండి. తెల్లవారకముందే లేచిన తల్లి వాకిలి ఊడ్చి, నీళ్ళు పట్టి, వంట చేసి, పిల్లలను బడికి పంపి చాట ముందు వేసుకుని కూర్చుంటుంది. ఆకు తడపాలి, కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, మూతి మలచాలి. వేయి బీడీలు పూర్తి కావాలంటే పగలు సరిపోదు, రాత్రి లైటు కింద కూడా కూర్చోవాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలన్నింటిలోనూ ఇదే కథ. బీడీ కార్మికులకు 1966లోనే ఒక చట్టం వచ్చింది. కార్ఖానాలో రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించకూడదనీ, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలనీ అందులో ఉండేది. అయితే మన అక్కలు బీడీలు చేసేది కార్ఖానాలో కాదు, ఇంటి అరుగు మీద. అరుగు మీద గంట కొట్టేవారెవరు? ఎన్ని చేస్తే అంత కూలీ. అందుకే చెయ్యి ఆగితే డబ్బు ఆగిందని మనసుకు అలవాటైపోయింది. సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసే అన్నలకూ అంతే. పన్నెండు గంటల షిఫ్టు, ఒక చేత్తో నాలుగైదు సాంచాలు చూసుకోవాలి, పోగు తెగితే పరుగెత్తాలి.

తొందర ఒంట్లో ఏమి చేస్తుందో కాస్త వివరంగా చెబుతాను.

మన ఇష్టంతో పనిలేకుండా గుండెను, ఊపిరిని, జీర్ణాన్ని నడిపించే నరాలు రెండు రకాలు. ఒకటి పరుగుకు సిద్ధం చేసేది. పాము కనిపించినప్పుడు మనకు తెలియకుండానే ఎగిరి దూకుతామే, అది దాని పనే. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే చిన్న గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుస్తాయి, నోరు ఎండిపోతుంది, కడుపు పని నెమ్మదిస్తుంది. అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో ప్రచురించిన పుస్తకంలో ఈ మార్పులను వివరించాడు. రెండో రకం నరాలు చల్లబరిచేవి. వాటిలో పెద్దది వేగస్ నరం. మెదడు నుంచి మెడ గుండా గుండెకు, ఊపిరితిత్తులకు, కడుపుకు దిగుతుంది. గుండెకు ఇది కళ్ళెం లాంటిది.

పాము పోయాక గుండె నెమ్మదించాలి. అలాగే దేవుడు మన శరీరాన్ని చేశాడు. కానీ పాము పోకపోతే? బీడీలు లెక్క ఇచ్చే టైము, సంఘం అప్పు కిస్తీ, పిల్లవాడి ఫీజు, భర్త దగ్గర నుంచి రావలసిన డబ్బు, పక్కన మోగే ఫోను... ఇవి పాముల్లా వచ్చిపోయేవి కావు, ఇంట్లోనే ఉండేవి. మొదటి రకం నరాలు రోజంతా పనిలోనే ఉండిపోతాయి. నిద్ర పట్టదు, కడుపులో మంట, మెడ పట్టేయడం, చిన్న మాటకే చిరాకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక నివేదిక ఇచ్చాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువట. ఎక్కువ గంటల పని వల్ల 2016 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచంలో సుమారు 7 లక్షల 45 వేల మంది చనిపోయారని అంచనా వేశారు. మన అక్కల ఇంటిపనీ, బీడీల పనీ కలిపి లెక్క వేయండి. 55 గంటలు గురువారానికే పూర్తవుతాయేమో.

మంచి వార్త ఏమిటంటే, వేగస్ నరాన్ని పిలిచే దారి ఒకటి మన చేతిలో ఉంది. అది ఊపిరి. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నెమ్మదిగా ఊపిరి తీసి వదలండి. తీసుకునేటప్పుడు నాడి కొంచెం త్వరగా, వదిలేటప్పుడు కొంచెం నిదానంగా కొట్టుకోవడం చాలామందికి వేలి కొసకు తెలుస్తుంది. మామూలుగా పెద్దవాళ్ళు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. నాలుగు లెక్కపెట్టే వరకు తీసి, ఆరు లెక్కపెట్టే వరకు వదిలితే నిమిషానికి ఆరు అవుతుంది. బిగబట్టవద్దు, తల తిరిగినట్టు ఉంటే మామూలుగా పీల్చండి. ఆయాసం ఉన్నవాళ్ళు బలవంతంగా చేయవద్దు. దీనికి చాప అక్కర్లేదు, గురువు అక్కర్లేదు, బస్సులో కూడా చేయవచ్చు.

కొందరు అడుగుతారు, సిస్టర్, మేమేమైనా ఆఫీసర్లమా, లీవు పెట్టి నిదానంగా బతకడానికి అని. నేను చెప్పేది లీవు గురించి కాదు. ఎలాగూ చేసే పనుల్లోనే కొన్నింటిని తొందర నుంచి విడిపించడం గురించి. అన్నం సంగతి తీసుకోండి. పొయ్యి దగ్గర నిలబడి నాలుగు ముద్దలు మింగి చేయి కడుక్కునే తల్లులు మన ఊళ్ళలో ఎంతమందో. కడుపు నిండిన సంగతి మెదడుకు బాగా తెలియడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. ఐదు నిమిషాల్లో తినేవారు కడుపు నిండిందో లేదో తెలియకుండానే తింటారు. షుగరు ఉన్నవారికి ఇది మరీ నష్టం. ఒక పని చేయండి. జొన్నరొట్టె ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని, మింగకుండా బాగా నమలండి. కాసేపటికి తియ్యగా అవుతుంది. లాలాజలం పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తున్న రుచి అది. నలభై ఏళ్ళుగా జొన్నరొట్టె తింటున్న ఒక పెద్దమ్మ ఈ మాట విని ఇంటికి పోయి నమిలి చూసి, మరుసటి నెల వచ్చి, "నిజంగనే తియ్యగున్నది బిడ్డా, ఇన్నొద్దులు తెల్వనే లేదు" అని నవ్వింది. బీడీలు చేసే అక్కలు అన్నానికి ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలని కూడా ఇక్కడే చెప్పేస్తాను. తంబాకు పొడి వేళ్ళకు, గోళ్ళ సందులకు ఉండిపోతుంది. ఆ కడుక్కునే అర నిమిషం కూడా వేళ్ళు చాపి, మడిచి, విశ్రాంతి ఇచ్చే సమయమే.

కొన్ని బీడీలు కట్టగానే తల ఎత్తి దూరంగా ఉన్న వేపచెట్టు వంక కాసేపు చూడండి. దగ్గరి చూపుతో కంటి కండరాలు బిగిసి ఉంటాయి, దూరం చూస్తే వదులవుతాయి. భుజాలు చెవుల దాకా ఎక్కి ఉంటాయి, కిందికి దించండి. ఇరవై సెకన్ల పని. ఎనిమిది బీడీలు పోవు, ఒక్కటి కూడా పోదు. సాంచాల అన్నలకు ఇంకొక మాట. 85 డెసిబెల్స్ మించిన శబ్దంలో రోజుకు ఎనిమిది గంటలు సంవత్సరాల తరబడి ఉంటే వినికిడి దెబ్బతింటుంది. సాంచాల షెడ్డులో శబ్దం మామూలుగా అంతకంటే ఎక్కువే. షిఫ్టు దిగాక నేరుగా కల్లు దుకాణానికో, టీవీ ముందుకో పోకుండా పది నిమిషాలు చప్పుడు లేని చోట కూర్చుంటే చెవికీ మనసుకీ విరామం. కల్లు దుకాణం సంగతి ఇంతకు మించి రాయను, ఇళ్ళలో గొడవలవుతాయి.

బాలింతల దగ్గర నిదానం విలువ నేను ఎక్కువగా చూశాను. "పాలు పడట్లేదు" అని ఏడ్చే తల్లుల్లో చాలామందికి పాలు ఉంటాయి, దిగవు అంతే. పాలు దిగడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోను కావాలి. భయం, తొందర, నొప్పి, చుట్టూ నలుగురి మాటలు దాన్ని అడ్డుకుంటాయి. అత్తగారు డబ్బాపాలు తెమ్మని పురమాయించేలోపు, ఆ తల్లిని గోడకు ఆనించి కూర్చోబెట్టి, ఒక గ్లాసు నీళ్ళు ఇచ్చి, బిడ్డను ఆమె గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, గదిలోంచి జనాన్ని పంపించి చూడండి. 1978లో కొలంబియా దేశంలోని బొగోటా ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక, బరువు తక్కువ పిల్లలను తల్లి గుండెలకే కట్టి ఉంచడం మొదలుపెట్టారు. కంగారూ తల్లి సంరక్షణ అని ఈనాడు ప్రపంచమంతా చేస్తున్నది అదే. అప్పుడే పుట్టిన బిడ్డకు బాగా కనిపించేది 8 నుంచి 12 అంగుళాల దూరం. రొమ్ము దగ్గర ఉన్న బిడ్డకు తల్లి ముఖం సరిగ్గా అంత దూరంలోనే ఉంటుంది. పాలిస్తూ ఫోను చూసే తల్లి ముఖం బిడ్డ చూస్తూనే ఉంటుంది. ఆ వయసు మూడు నెలలు కూడా ఉండదు, తిరిగి రాదు.

ఫోను అనగానే గల్ఫ్ ఫోన్లు గుర్తొస్తాయి. వారానికి ఒక రోజు సెలవు దొరికితే తీరిగ్గా మాట్లాడే భర్తతో మనం ఏం మాట్లాడతాం? డబ్బు పంపావా, మీ అమ్మ ఇలా అన్నది, చిట్టి కట్టాలి, మోటరు కాలిపోయింది. ఇవి మాట్లాడాల్సినవే. కానీ ఎడారిలో పదిమందితో ఒక గదిలో ఉండే మనిషికి ఇంటి వాసన కూడా కొంచెం పంపండి. చిన్నది బడిలో ఏం పాట నేర్చుకున్నదో, బర్రె ఎన్ని పాలు ఇచ్చిందో, వానకు చెరువు ఎంత నిండిందో చెప్పండి. చెప్పాలంటే ముందు మీరు చూసి ఉండాలి కదా. చెప్పడం కోసమైనా చూస్తారు.

ఇప్పుడు ఆ అక్క అన్న "పాపం" దగ్గరికి వస్తాను. ఊరికే కూర్చోవడం పాపమని వాక్యంలో ఎక్కడుంది? సోమరితనాన్ని ఖండించే మాటలు సామెతల గ్రంథంలో ఉన్నాయి, నిజమే. అవి సోమరులకు. వేయి బీడీలు చేసే తల్లికి కాదు. నిర్గమకాండము 20వ అధ్యాయంలో విశ్రాంతిదినపు ఆజ్ఞ చదవండి. యజమానికే కాదు, దాసదాసీలకూ, పశువులకూ, ఊళ్ళో ఉన్న పరదేశికీ ఆ రోజు సెలవు. అంటే విశ్రాంతి ఉన్నవాడి విలాసం కాదు, పనివాడి హక్కు. మార్కు సువార్త 6వ అధ్యాయంలో శిష్యులకు వచ్చేపోయే జనం వల్ల భోజనానికి కూడా తీరిక లేకపోతే, ప్రభువే వారిని ఏకాంత స్థలానికి వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకోమన్నాడు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా చచ్చిపోతే బాగుండునని చెట్టు కింద పడుకుంటే, దేవుడు ముందు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్ళు పంపాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు, మళ్ళీ తినిపించాడు. నర్సుగా నాకు ఆ అధ్యాయం చాలా ఇష్టం. ఏ క్రమంలో చేయాలో సరిగ్గా ఆ క్రమంలోనే ఉంది.

మార్త మీద ప్రసంగం విన్నప్పుడల్లా మాత్రం నాకు కొంచెం బాధ కలుగుతుంది. అందరూ మరియలా కూర్చుంటే వంట ఎవరు చేస్తారు? ఆడవాళ్ళ కూటంలో ఈ ప్రశ్న అడిగితే నవ్వులు వచ్చాయి, జవాబు రాలేదు. తర్వాత యోహాను సువార్త 12వ అధ్యాయం చూశాను. బేతనియలో ప్రభువుకు విందు జరిగితే అక్కడా మార్త వడ్డిస్తూనే ఉంది. ఈసారి ఆమెను ఎవరూ మందలించలేదు. కాబట్టి లూకా 10వ అధ్యాయంలో తప్పు వంటది కాదు, వంట చేస్తూ ఒకేసారి వంద సంగతుల గురించి ఆందోళనపడటానిది అని నాకు అర్థమైంది. అదే వడ్డన ఆందోళన లేకుండా కూడా చేయవచ్చు.

మా సిస్టర్లకూ, రోగుల్ని చూడవచ్చే బంధువులకూ కూడా ఇక్కడ ఒక సంగతి. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో రాసిన "నోట్స్ ఆన్ నర్సింగ్" పుస్తకంలో, రోగితో మాట్లాడేవారు ఆయనకు కనిపించేలా కూర్చుని, తొందర చూపకుండా వినాలని చెప్పింది. తనకు జ్వరం వచ్చినప్పుడు ఎవరో పంపిన అడవిపూల గుత్తి చూసిన దగ్గర నుంచి త్వరగా కోలుకున్నానని కూడా రాసింది. ఇది ఒక మనిషి అనుభవం అనుకుంటే, 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలో పిత్తాశయం ఆపరేషను అయిన 46 మంది రికార్డులు పోల్చి చూశాడు. సగం మందికి కిటికీలోంచి చెట్లు, సగం మందికి ఇటుక గోడ కనిపించేవి. చెట్లు కనిపించినవారు కొంచెం ముందుగా ఇంటికి వెళ్ళారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. 2012లో కాన్సాస్‌లో ఇంకో పరిశీలన జరిగింది. మంచం దగ్గర డాక్టరు నిలబడి మాట్లాడినా, కూర్చుని మాట్లాడినా పట్టిన సమయంలో పెద్ద తేడా లేదు. కానీ కూర్చున్న డాక్టరు ఎక్కువసేపు ఉన్నాడని రోగులు అనుకున్నారు. మనకు ఖర్చు లేని వైద్యం ఇది. వార్డులో మంచాల దగ్గర స్టూళ్ళు ఉన్నాయి. బంధువులు దయచేసి వాటి మీద సంచులు పెట్టకండి, కూర్చోండి.

ఇక చూసి సంతోషించడం గురించి. అమెరికాలో ఎమ్మన్స్, మెక్‌కల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో, కృతజ్ఞతకు కారణమైన సంగతులను వారం వారం రాసుకున్నవారు, చిరాకులు రాసుకున్నవారికన్నా తమ జీవితం పట్ల తృప్తిగా ఉన్నారని తేలింది. రాయడం రానివారు రాత్రి పిల్లల పక్కన పడుకున్నప్పుడు ఇవాళ బాగున్నది ఏమిటో ఒకరికొకరు చెప్పుకోండి. పెద్దవి వెతకవద్దు. చన్నీళ్ళు, చెల్లె వచ్చి పోయింది, మక్క బుట్ట కాల్చిన వాసన, ఏదైనా సరే. మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు అడవి పువ్వులను ఆలోచించి చూడమన్నప్పుడు నూలు వడకడం మాట కూడా ఎత్తాడు. నేత ఊళ్ళవారికి ఆ మాట ఇంకొంచెం దగ్గరగా తగలాలి. బతుకమ్మ రోజుల్లో వీర్నపల్లి దారిలో చేలగట్ల మీద గునుగు, తంగేడు విరగబూసి ఉంటాయి. బస్సు కిటికీ పక్కన కూర్చుని కూడా ఫోనులోకి చూసేవారిని చూస్తే నాకు పిలిచి చూపించాలనిపిస్తుంది.

అయితే ఒక విషయం దాచకూడదు. ఊపిరి నిదానంగా తీస్తే అప్పు తీరదు, పువ్వులను చూస్తే కూలీ పెరగదు. 2000 తర్వాతి సంవత్సరాల్లో సిరిసిల్ల నేతన్నల ఆత్మహత్యల వార్తలు మనమందరం చదివాము. ఆ కుటుంబాలకు కావలసింది పని, కూలీ, అప్పు నుంచి విడుదల. వారికి "ప్రశాంతంగా ఉండండి" అని చెప్పడం కఠినత్వమే అవుతుంది. అలాగే దిగులు వేరు, దిగులు జబ్బు వేరు. రెండు వారాలకు మించి దాదాపు రోజూ మనసు చీకటిగా ఉండి, ఇదివరకు ఇష్టమైనవి కూడా రుచించక, నిద్ర, ఆకలి తప్పి, బతికి ఏం లాభం అనిపిస్తుంటే అది జబ్బు, దానికి మందు ఉంది. పూలు చూడలేకపోవడం ఆ జబ్బు లక్షణమే, విశ్వాసం తక్కువై కాదు. ఇంట్లో అలాంటివారుంటే ఒంటరిగా వదలకండి, పురుగుల మందు డబ్బాలు తాళం వేసి పెట్టండి, డాక్టరు దగ్గరికి తీసుకురండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా పగలైనా ఎత్తుతారు. ఈ నంబరును ఇంట్లో క్యాలెండరు మీద పెద్ద అంకెలతో రాసి పెట్టండి, చదవడం వచ్చిన పిల్లలకు అది దేనికో చెప్పి ఉంచండి.